ఉడికించిన గుడ్డ

పంతొమ్మిది వందల అరవైల్లో వీపు మీద గడ్డ కోయించుకుని ఇంటికొస్తే, రోజూ నాకు కట్టు మార్చింది మా మేనత్త. రాజపాళయంలో బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లులో ఆమె పని. అక్కణ్ణించి తెచ్చిన కొత్త గుడ్డను కూడా కుండలో గంటసేపు ఉడకబెట్టేది. పాత కట్టు విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన లేదురా" అనేది. నా ముఖం చూసేది కాదు.

"తెల్లగానే ఉండాది కదా అత్తా, ఎందుకు ఉడికించేది?" అన్నాను ఒకరోజు.

"తెల్లగా ఉండాదనే మీ మామ కాలి పుండుకి అట్లనే కట్టినాను. చీము పట్టింది. పదోనాడు పోయినాడు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. గుడ్డను తిప్పే కర్ర ఆగలేదు.

నా కుట్లు విప్పిన మర్నాడు కూడా కుండ పొయ్యి మీదే ఉంది.

"నాకు మానిపోయింది అత్తా."

"తెలుసురా. ఉడకనీ."