సబ్బు తగిలిన పసుపు

పక్కింటి పెద్దమ్మ ప్రభువునందు నిద్రించిందని నిన్న పొద్దున్నే చర్చి మైకులో చెప్పారు. నిద్రించడమేమిటి? పగటిపూట ఎవరైనా కునుకు తీస్తేనే ఒళ్లు మండేది ఆమెకు. చచ్చిపోయింది. ఉన్నట్టుండి గుండె ఆగి చచ్చిపోయింది. నాకు ఆమె పోయినందుకన్నా ఆమెను పంపిన తీరుకే ఎక్కువ కోపంగా ఉంది. ఈ నాలుగు మాటలు ఆ కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్లు ఏమైనా అనుకోండి.

తూంకుంటలో మా రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. అవతల పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉండేది. కూర కాదు, బట్టలు. మేడ్చల్ మార్కెట్‌కు వెళ్తే అందరూ ఉల్లిగడ్డలు తెస్తారు, ఆమె ఉల్లిపొట్టు తెచ్చేది. "ఏందమ్మా, పొట్టుతోని కూరొండుతవా?" అని అమ్మేవాడు నవ్వితే, "నువ్వు తినే కూరకన్న మంచిగుంటది తియ్యి" అని సంచి నింపుకొని వచ్చేది. దానిమ్మ తొక్కలు, కరక్కాయలు, శామీర్‌పేట దారిలో ఏరుకొచ్చిన మోదుగు పూలు, అన్నీ ఆ పొయ్యి మీదికే. ఆ మోదుగు చెట్లు కొట్టేసి ప్లాట్ల రాళ్లు పాతి ఉండడం చూసిన రోజు, బస్సంతా వినేలా కిటికీలోంచే తిట్టింది.

"రంగు ఏసుడు గాదు బిడ్డా, తాగిపిచ్చుడు" అనేది. ముందు బట్టను కరక్కాయ నీళ్లలో నానబెట్టాలి, పటిక నీళ్లలో ఉంచాలి, ఆ తర్వాతే రంగు. నేను ఆగలేక గిన్నె మూత తీసి చూస్తే చేతి మీద ఒక్కటి వేసేది. "జల్దీ జల్దీ అంటే గది నీ మాటిననే ఇనదు. తొందరవెట్టిన బట్ట ఒక్క ఉతుకుకే ఎలిసిపోతది."

నేను మొదటిసారి పసుపు పట్టించిన చున్నీని సబ్బుతో ఉతికితే, చేతుల్లోనే నెత్తురు మరకల్లా ఎర్రబడింది. కెవ్వుమన్నాను. ఆమె గోడ మీదుగా చూసి పడీ పడీ నవ్వి, చింతపండు పిసికిన నీళ్లు అందించింది. ముంచగానే మళ్లీ పసుపు.

"నీ కోపం గూడ గింతే. సబ్బు తగిలితే ఎర్రగైతది, గింత పులుపు తగిలితే దిగుతది" అంది.

కిందటేడు తన కోసమే ఒక నూలు దుప్పటికి పసుపు పట్టించి, నీడలో ఆరబెట్టి, బీరువాలో దాచింది. "పోయినంక గిది నా మీద కప్పుర్రి. గా పాలిస్టర్ బట్ట కప్పితే మట్టిల గూడ ఉక్కవోస్తది నాకు." అప్పుడక్కడే ఉన్న చర్చి పెద్దమనిషి ఒకాయన "పసుపు మనకెందుకమ్మా" అని నసిగాడు. "పసుపుకొమ్మును దేవుడు పక్కోళ్ల కోసమే పుట్టిచ్చిండా?" అంది. ఆయన నోరు మూతపడింది. ఆమె నోరు మూతపడే దాకా కాచుకుని ఉంటాడని నాకప్పుడు తెలియదు.

మైకులో మాట విని నేను స్నానం చేసి వెళ్లేసరికి దుప్పటి తీగ మీద ఉంది, నిండా ఎర్రెర్రని మరకలతో. అత్త మీద కప్పేది శుభ్రంగా ఉండాలని కోడలు సబ్బు పెట్టి ఉతికింది. అత్త రంగుల పని ఆ పిల్ల ఎప్పుడూ పట్టించుకోలేదు, కానీ ప్రేమతోనే ఉతికింది. ఆమెను ఒక్క మాట అనను. "నెత్తురు మరకల బట్ట ఎట్ల కప్పుతం?" అని ఎవరో అన్నారు, అందరూ తలలూపారు.

"గది నెత్తురు గాదు, పసుపుకు సబ్బు తగిలింది! జెర చింతపండు నీళ్లు తెండ్రి, గిప్పుడే మారుతది!" అని మొత్తుకున్నాను. దుఃఖంతో నాకు మతి పోయిందనుకున్నారు. ఇద్దరు ఆడవాళ్లు నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ పెద్దమనిషి గడియారం చూసుకుని, "బండొచ్చి నిలవడ్డది, జల్దీ కానియ్యుర్రి. తెల్లబట్ట మంచిగనే ఉంది గదా" అన్నాడు. మేడ్చల్ నుంచి తెచ్చిన తళతళలాడే పాలిస్టర్ బట్ట కప్పి, పెట్టె మూసి మేకులు కొట్టారు. జల్దీ అంటే చేతి మీద కొట్టే మనిషిని జల్దీగా పంపించేశారు.

నేనిప్పుడు కట్టుకున్న చీర కూడా ఆమె పొయ్యి మీద ఉడికిందే. ఆ పని నా చేతికి అంటించి పోయింది, అందుకు ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. దుప్పటిని కోడలే నాకిచ్చింది. ఈ పొద్దున గిన్నెలో చింతపండు పిసికి, దాని మూల ఒకటి ముంచాను. ఊపిరి పీల్చి వదిలేలోపు పసుపైంది.

వాళ్లు ఆగాల్సింది ఇంతసేపే.

మిగతా దుప్పటిని ముంచలేదు. పులుపు తగిలితే దిగుతుందన్నావు పెద్దమ్మా, నాకిప్పుడే దించుకోవాలని లేదు. నువ్వు చెప్పినట్టే నీడలో ఆరేశాను. ఒక మూల పసుపు, మిగిలినదంతా ఎరుపు. గాలికి ఊగుతోంది.