వదులు చేసిన జాయింటు

ఆ వీధుల్లో అతన్ని అందరూ కేబుల్ బాబాయ్ అనేవారు. సొంత పేరు సంతకం పెట్టేటప్పుడు తప్ప అతనికే గుర్తొచ్చేది కాదు.

ఒకప్పుడు అతని ఫోనుకు తీరిక ఉండేది కాదు. సీరియల్ మంచి పట్టులో ఉండగా బొమ్మ పోయిందంటే వీధి వీధంతా అతని మీద విరుచుకుపడేది. తిట్లు తింటూనే నిచ్చెన భుజాన వేసుకుని పరుగెత్తేవాడు. బొమ్మ రాగానే ఆ తిట్టిన నోళ్లే "కూర్చో బాబాయ్, టీ తాగి వెళ్దువు" అనేవి. భార్య పోయాక అతను మనుషులతో మాట్లాడిందంతా ఆ టీవీల పక్కన నిలబడే.

తర్వాత డిష్షులు వచ్చాయి. మొదట డాక్టరుగారి మేడ మీద ఒకటి లేచింది. ఆయనకేం, ఉన్నవాడు అనుకున్నాడు. ఇస్త్రీ కొట్టు రేకుల మీద కూడా లేచేసరికి గుండె గుభేలుమంది. చూస్తుండగానే ఒక్కో ఇంటి కిటికీ నుంచీ తన నల్ల వైరును తనే పీకి, చుట్ట చుట్టుకుని తెచ్చుకోవాల్సి వచ్చింది. మిగిలిన కాసిని ఇళ్లలో పిలిచి మాట్లాడేది మిషను పిన్ని ఒక్కతే. కుట్టుమిషను మీదే బతుకంతా నెట్టుకొచ్చిన పెద్దావిడ.

ఫోను మోగని సాయంత్రాలు అతన్ని కొరుక్కుతినేవి. ఒకరోజు ఉండబట్టలేక పిన్ని ఇంటి వెనక స్తంభమెక్కి, జాయింటు కాస్త వదులు చేసి దిగాడు. ఇల్లు చేరకముందే ఫోను మోగింది.

"నాయనా, బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తోంది. ఓసారి చూస్తావా?"

"వస్తున్నా పిన్నీ" అన్నాడు, ఎంతో పనిలో ఉన్నవాడిలా.

వెళ్లి బిగించాడు. ఆవిడ గుండీలు కుడుతూ సీరియల్లో ఎవరు ఎవరిని ముంచారో చెబుతుంటే, టీ తాగుతూ తలాడించాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇక రుచి మరిగాడు. గాలి వల్ల వదులైంది పిన్నీ అనేవాడు, వాన వల్ల పిన్నీ అనేవాడు. పాపం, గాలికీ వానకీ ఆ సంగతే తెలియదు.

ఒకసారి వదులు చేసి వచ్చి ఎదురు చూశాడు. ఫోను మోగలేదు. మర్నాడూ మోగలేదు. ఆవిడకు ఒంట్లో బాగోలేదేమోనని గాభరాగా పరుగెత్తాడు. పిన్ని నిక్షేపంలా కూర్చుని గుండీలు కుడుతోంది. ఎదురుగా టీవీలో బొమ్మ అద్దంలా ఉంది.

"రా నాయనా, నీకే చెబుదామనుకుంటున్నా. డిష్షు పెట్టించేశాను. ఈ వయసులో నాకోసం నువ్వు స్తంభాలెక్కుతుంటే ప్రాణం ఉసూరుమనేది. జారిపడితే నిన్ను చూసేవాళ్లెవరు చెప్పు? ఇక ఆ శ్రమ లేదులే."

తనే వదులు చేశానని చెప్పేయాలనిపించింది.

"మంచి పని చేశారు పిన్నీ" అన్నాడు. కిటికీ దగ్గర వైరు పీకి చుట్ట చుట్టుకున్నాడు.

"అప్పుడప్పుడూ వస్తూ ఉండు నాయనా" అంది పిన్ని.

మర్నాడు సాయంత్రం కాళ్లే అతన్ని ఆ గుమ్మం దాకా తీసుకెళ్లాయి. బెల్లు మీదకు చెయ్యెత్తి ఆగిపోయాడు. తలుపు తీసి ఏం పని మీద వచ్చావంటే ఏం చెప్పాలి? టీవీ బాగు చేయడానికి తప్ప అతను ఎన్నడూ ఒకరి తలుపు కొట్టి ఎరగడు. లోపల సీరియల్ ఎక్కడా ఆగకుండా శుభ్రంగా వినిపిస్తోంది. చెయ్యి దించుకుని మెల్లగా మెట్లు దిగాడు.