రైలుపాట చివరి కూత

హార్మోనియాలు బాగుచేసే మేస్త్రివి పాము చెవులు. వీధిలో ఎవరైనా ఈల వేస్తే చాలు, చేతిలో పని ఆపి మొహం చిట్లిస్తాడు. కొట్లో ఆ చెవులే కూడు పెట్టాయి. ఇంట్లో మాత్రం భార్య గొంతుకు తాళం వేశాయి. పెళ్లయిన కొత్తలో ఆవిడ గిన్నెలు తోముతూ పాడుకునేది. పాట ఎత్తుకోవడం ఆలస్యం, ముందుగదిలోంచి "కాదు" అనేవాడు. పాపం, కోపమేమీ కాదు, అలవాటు. హార్మోనియం పెట్టెలో రీడు సరిగ్గా పలక్కపోయినా అదే మాట. కొన్నాళ్లకు ఆవిడే మానేసింది.

ఇప్పుడు మనవరాలికి, కూతురి బిడ్డకి, రెండేళ్లు దాటాయి. నోట్లోంచి ఒక్క మాట ఊడిపడదు. చెవులు బాగానే ఉన్నాయని తేల్చిన డాక్టరమ్మ, "రోజూ పాపతో పాడండి. చివరి మాట దగ్గర ఆగి తనకి వదిలేయండి. ఎలా పలికినా సరే, మెచ్చుకోండి," అంది. మేస్త్రి మొదటి ముక్క విన్నాడు, చివరిది చెవికెక్కించుకోలేదు. ఊళ్లో సగం పెట్టెలకు నోరు తెప్పించినవాణ్ణి, సొంత మనవరాలికి తెప్పించలేనా అని మీసం దువ్వాడు.

కొట్టు మూసి రాగానే పాపను పెట్టె ముందు కూచోబెట్టి రైలుపాట అందుకునేవాడు. "గంట కొట్టి, జెండా ఊపి, రైలుబండి ఏమందీ?" అని ఆగేవాడు. పాప, ఊగే గాలితిత్తి వంక చూసి, లేచి పోయేది. వారాలు గడిచాయి. ఈపాటికి గోడైనా పలికేదని విసుక్కున్నాడు.

ఒక సాయంత్రం ఆయన ఆగిన చోట పాప పెదాలు సున్నాలా చుట్టింది. "కూ..." అంది బొంగురుగా, అందాల్సిన స్వరానికి ఎంతో కింద.

"కాదు," అన్నాడు మేస్త్రి, పెట్టె మీద సరైన మెట్టు నొక్కి చూపిస్తూ.

పాప నోరు మూసేసుకుంది.

"అయ్యో నాన్నా! పలికింది కదా!" అంటూ కూతురు పరుగెత్తుకొచ్చి నెత్తి కొట్టుకుంది. తానేం చేశాడో ఆయనకు అప్పటికి గానీ తెలిసిరాలేదు. బంగారమన్నాడు, బుజ్జి అన్నాడు, వీపు మీదెక్కించుకుని ఏనుగాట ఆడతానన్నాడు. ఆ రోజే కాదు, ఆ తర్వాత చాలా రోజులు కూ లేదు, కా లేదు. తన చెవుల మీద తనకే ఒళ్లు మండింది.

మళ్లీ పెట్టె తీశాడు. పాప జంకు పోవాలని ఈసారి కావాలనే తప్పుగా పాడదామనుకున్నాడు. చచ్చినా గొంతు వినలేదు, స్వరం వెంట్రుకవాసి తప్పలేదు. "రైలుబండి ఏమందీ?" పాప దగ్గరికొచ్చి మెట్ల మీద అరచెయ్యి వేసింది. తాత కళ్లలోకి చూసి, స్పష్టంగా, "కాదు," అంది.

"మాటొచ్చింది! అమ్మా, మాటొచ్చింది!" కూతురు పాపను ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది. మేస్త్రికి నవ్వు రాలేదు. ఆ మాట ఎవరి దగ్గర నేర్చిందో ఆయనకు తెలుసు. తిత్తి మూసి గడియ పెట్టాడు. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, గిన్నెలు తోముతున్న భార్యతో, "పాపకి నువ్వు పాడవే," అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆగలేదు. "ఏం పాడమంటారు? ఒక్కటీ గుర్తు లేదు," అంది.