వంత పలకని ఫాల్గుణం

మా ఉభాల గుంపులో పాట ఎత్తేది కూర్మమ్మే. నాట్లు వేస్తున్నంతసేపూ ఆవిడ ఒక చరణం అంటే మేం పదిమందిమీ వంత పలకాలి. గొంతు మంచిదే, నోరే చెడ్డది. వంత తప్పితే "ఒసే, నోట్లో అంబలుందేటే?" అని మడిలోనే దులిపేసేది.

ఆ పాట ఆవిడే కట్టుకుంది. మొగుడు జగన్నాధం ఇళ్లు కట్టే పనికని చెన్నై పోయి ఏడాది దాటింది. అందుకే నెలకో చరణం. చైత్రాన మామిడి పిందె రాలె, నా మావ రాడాయె. శ్రావణాన గెడ్డ పొంగె, నా మావ రాడాయె. చివరికి ఫాల్గుణంలో మావ వస్తాడు. ఆయన వచ్చాకే మేం గట్టెక్కేది.

ఆవేళ మంచినీళ్లకని గట్టు మీదికెళితే ఫోన్ మోగింది. జగన్నాధంతో పాటే పనిచేస్తున్న నా మొగుడు మోహనకృష్ణ.

"జగన్నాధం నాలుగో అంతస్తు మీంచి పడిపోనాడే. పేనం పోనాది."

నారు చేతిలో ఉండగా చావు కబురు చెప్పకూడదని మా వైపు పట్టింపు. మిగిలింది ఒక్క మడే, గట్టెక్కాక చెబుదామని మిగతా వాళ్ల చెవిలో వేశాను. అందరూ సరేనన్నారు. పాట సంగతి ఒక్కదానికీ తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది!

కూర్మమ్మ మంచి ఊపు మీదుంది. దసరాకి వస్తానని మొగుడు ముందురోజే మాటిచ్చాడట. "పుష్యాన మంచు కురిసె, దుప్పటి చల్లబడె, నా మావ రాడాయె" అని పాడి సిగ్గుపడి నవ్వింది కూడా. 'రాడాయె' అని, ఆవిడ వైపు చూడకుండా ఎలాగో పలికాం.

ఆఖరి వరస. "ఫాల్గుణాన జీడిపండు ఎర్రబడె, నా మావ వచ్చెనమ్మా!"

ఒక్కరూ పలకలేదు.

"ఏటర్రా, పలకరేటి?" అని మళ్లీ ఎత్తింది. మేం వంచిన నడుం ఎత్తలేదు. నా పక్కనే నాటుతున్న తవిటమ్మ బావురుమంది.

కూర్మమ్మ బురదలో నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఇందాకటి ఫోను ఆడి గురించేనా?"

తలూపాను.

"తెలిసుండీ నా సేత పాడించినారా? వచ్చినాడని నా నోటితోనే అనిపించినారా?"

మూడేళ్లయింది. కూర్మమ్మ ఇప్పటికీ నాట్లకి వస్తుంది. పాట ఎత్తమని అడగడానికి మాకే ముఖం లేదు.