రంపానికి పెట్టిన పసుపు

ఆ రోజులు తలచుకుంటే నాకు ముందు రంపపు పొట్టే కనబడుతుంది. ధూల్‌పేట్ దారిలో మా అత్తవారింటి ముందు భాగమంతా కట్టెల అడితి, వెనక రెండు గదుల్లో మేము. పొద్దున రేకుల సందులోంచి ఎండ పడితే ఆ పొట్టు లేస్తూ, దిగుతూ, ఎక్కడా వాలకుండా గాలిలోనే ఉండేది. టేకు వాసన నా కొంగులో, దిండులో, చివరికి పప్పులో కూడా వస్తుందంటే మా ఆయన నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆ పప్పు వండేది నేను కదా.

యాభైల మొదట్లో నేను కోడలిగా వచ్చేసరికే అక్కడ మిలిటరీ రంపం ఉంది. యుద్ధం అయ్యాక వేలంలో మామ కొన్న పెట్రోలు రంపం. పళ్లున్న గొలుసు తిరుగుతుంటే ఇద్దరు పట్టుకుని దుంగలు కోయాలి. కోసేది కూలీలే అయినా షురూ చేసేది మాత్రం మామే. ఇంకొకరిని తాడు ముట్టనిచ్చేవాడు కాదు. మనిషికి అరవై దాటాయి, కుడి భుజం పట్టేసింది. నేలమీద ఆ బరువును కాలితో తొక్కిపట్టి, చక్రానికి తాడు చుట్టి, వంగి లాగేవాడు. పది సార్లు, పదిహేను సార్లు. అది దగ్గి ఊరుకునేది, ఎప్పటికో గానీ అందుకునేది కాదు. కూలీలు తలపాగాలు సర్దుకుంటూ ఎటో చూసేవారు. ఆయన ముఖం చూడలేక నేను లోపలికి పోయేదాన్ని.

మా ఇంట్లో ఆ రంపానికి ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేవాళ్లం. అత్త ఉన్నన్నాళ్లూ ఆమె పెట్టింది. నూనెలో కలిపిన పసుపు, దానిమీద కుంకుమ, ఇంజను పక్కనున్న జల్లెడలా చిల్లులున్న గుండ్రని జాలి మీద. ఆ గుండ్రమే ఆమెకు ముఖంలా కనబడిందేమో. ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది. దసరానాడు మాత్రం బొట్టయ్యాక ఇంటిపెద్ద తన చేత్తో దాన్ని షురూ చేయాలి. అది జరిగాకే ఆ ఏటి పని మొదలు.

అత్త పోయిన రెండేళ్లకు, దసరా ముందు మా బావగారు, అంటే మామ పెద్దకొడుకు, అన్నం తింటూ అన్నాడు. "ఈ దసరాకు బాపు చేత్తోని షురూ కాకపోతే దాన్ని అమ్మేస్త. ఇగ బాపు ఇంట్ల కూసుంటడు. గీ వయసుల గీ లొల్లి ఏంది?"

మామ కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచాడు. నాకు ఒళ్లు మండింది. అడితిలో అడుగుపెట్టనివ్వకపోతే ఆ మనిషి ఎన్నాళ్లో బతకడని నాకు భయం కూడా వేసింది.

తర్వాతి వారం మామ కట్టె చూడడానికి ఊళ్లకు పోయాడు. నేను రంపాన్ని రిక్షాలో వేయించి నయాపూల్ దగ్గర మిషన్లు బాగుచేసే ఉస్తాద్ దుకాణానికి తీసుకుపోయాను. మా ఆయన మేమెవరమో తెలియనట్టు దూరంగా వెనక నడిచి వచ్చాడు. అంత మగధీరుడు. వంతెన మీద ఎండ మెత్తగా ఉంది, కింద మూసీ కదులుతోందో లేదో తెలియలేదు. నా కాళ్ల దగ్గర రంపం కునికిపాట్లు పడుతున్నట్టు ఊగింది. ఇప్పటికీ అది నేను కన్న కలేమో అనిపిస్తుంది.

తెల్లగడ్డం ఉస్తాద్ తాడు ఒక్కసారి లాగి చూశాడు. జాలి విప్పి పుల్లతో గీకాడు. గట్టిపడిన పసుపు పెళ్లలుగా ఊడింది. పచ్చ, ఎరుపు, మళ్లీ పచ్చ.

"మిషన్ మంచిగనే ఉన్నది బేటీ. దీనికి సాస్ ఆడుతలేదు. గాలి పీల్చే కాడ గింత పూసిన్రు."

తలస్నానం చేసి మరీ నేను చేసిన పని అది.

"ఫికర్ చెయ్యకు. ముసలి చేతికి తగ్గట్టు చేసిస్త" అన్నాడు. ఇంజను నెత్తిన చిన్న ఇత్తడి మర బిగించాడు. అది విప్పి లాగితే లోపల బిగిసిన గాలి కొంత బయటికి పోయి తాడు తేలికగా వస్తుంది. ఇంజను అందుకోగానే మర మూసేయాలి. తాడుకు నిండా పట్టు దొరికేలా కొయ్యపిడి కట్టాడు. వంగే పని లేకుండా నడుమెత్తు బల్ల చేయించుకొమ్మన్నాడు. చివరికి గీకిన పసుపును కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చాడు. "పారెయ్యకు. మీ మామకియ్యి."

పూజది కదా అందుకేమో అనుకున్నాను.

దసరానాడు రంపాన్ని కొత్త బల్ల మీద పెట్టించి, మామకు మర చూపించి, ఎట్లా విప్పాలో చెప్పాను. నావైపు ఒకసారి చూసి, ఎడమచేత్తోనే పిడి పట్టి లాగాడు. రెండో లాగుకు రంపం అందుకుంది. కూలీలు చప్పట్లు కొట్టారు. బావగారు కొబ్బరికాయ కొట్టాడు. మామ ముఖంలో మాత్రం నవ్వు లేదు. రంపం ఆపి, ఖాళీగా మెరుస్తున్న జాలిని వేలితో తడిమాడు.

"పసుపేది బిడ్డా?"

నేను పొట్లం తెచ్చి ఇచ్చాను. విప్పి, ఒక పెళ్లను తిప్పి అంచు చూశాడు.

"పైది నీది. అడుగుది మీ అత్తది" అన్నాడు. "ఉస్తాద్ మస్తు సార్లు కడుగుమన్నడు. నాకు చెయ్యి రాలే."

పసుపే అడ్డమని తెలిసీ, అత్త పెట్టినది తీయలేక ఆయన అన్నాళ్లూ తాడు లాగాడని నాకప్పుడు తెలిసింది. అడగకుండా గీకించినందుకు ఏడ్చాను. ఆయన పొట్లం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పసుపు గిన్నెతో వెళ్లి రంపం ముందు నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు. మామ తాడు పిడి నా ముందుకు చాపాడు.

"గీడ పెట్టు బిడ్డా. గీడైతే రోజు నా చేతికి అంటుతది."