వాటీ గెడ్డెస్ ముల్లు ఎత్తే చోటు

స్కార్నెస్ రేవు మొత్తంలో వాటీ గెడ్డెస్ అంతటి పిరికివాడు మరొకడు లేడు. పిడుగంటే భయం లేదు, కరిచే కుక్కంటే భయం లేదు, పాస్టరు గారి ప్రసంగమన్నా భయం లేదు. అతని భయమంతా ఈల మీద. సముద్రం ఒడ్డున ఈల వేస్తే గాలి లేస్తుందని మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తెలిసినవాళ్లు ఈల వేయకుండా ఊరుకుంటారు. వాటీ అలా ఊరుకునే రకం కాదు.

గాలి దూరి కూస్తుందని ఇంటి తాళం కన్నాలన్నిటిలో పేలికలు కుక్కాడు. కెటిల్ గొంతు సవరించుకోగానే పొయ్యి మీంచి దించేస్తాడు కాబట్టి అతని ఇంట్లో ఎవరూ వేడి టీ తాగి ఎరగరు. పాస్టరు గారి ముందుపన్ను ఊడినప్పటి నుంచి చర్చిలో ఆఖరి బల్ల మీదికి మారాడు. కొత్త పన్ను కట్టించుకోమని ఆయన ఇంటికి వెళ్లి మరీ బతిమాలాడు.

అలాంటి ఊరికి ఎల్స్‌పెట్ రెన్నీ టీచరుగా వచ్చింది. ఆమెది కొండల మీద గొర్రెలు కాసే ఇల్లు. అక్కడ ఈల వేయకపోతే కుక్కలు కదలవు, కుక్కలు కదలకపోతే గొర్రెలు ఇంటికి రావు. వచ్చిన రోజే రేవులో ఒక కుక్కపిల్ల కనబడితే ముద్దొచ్చి, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. పీపాలు బిగించే వాటీ పక్కనే ఉన్నాడు. ఉలిక్కిపడి హెర్రింగ్ చేపల పీపాలో కూలబడ్డాడు.

"ఏం తల్లీ, ఊరిని ముంచుదామని వచ్చావా?" అన్నాడు పీపాలోంచే.

"కుక్కను పిలిచాను తాతా."

"పేరు పెట్టి పిలువు. పేరు లేకపోతే నా పేరు పెట్టుకో."

ఆ కుక్కకు వాటీ అనే పేరు స్థిరపడిపోయింది. ఎల్స్‌పెట్ మాత్రం ఈ భయాలను చూసి నవ్వుకునేది.

వాటీ దగ్గర ఒక గ్రామఫోను, ఒకే ఒక రికార్డు ఉండేవి. మా ఊళ్లోనే వలలు అల్లుకుంటూ బతికి, ఎప్పుడో పోయిన ఒక కవి, బడిలో నేర్పే ఇంగ్లీషులో కాక రేవులో మేం తిట్టుకునే స్కాట్స్ భాషలోనే పాటలు కట్టాడు. పాట పాడి రికార్డు చేసే వింత కొత్తగా వచ్చిన రోజుల్లో నగరంలోని కంపెనీవాళ్లు ఆ పాట కోసం వాటీ భార్య బెల్లాను పిలిపించారు. కాస్త నాజూకుగా, పట్నపు యాసలో పాడమన్నారట. నాకు వచ్చిన యాసలోనే పాడతానని, పాటను పట్టే బాకాలో తల దూర్చి పాడింది. పాట అయిపోయింది. పాట అచ్చుపడే మైనపు పలక ఇంకా తిరుగుతూనే ఉంది. చేప తలకాయ కూడా పారేయని ఇంట్లో పుట్టిన మనిషి, ఇంత మైనం దండగ చేయడమేమిటని, మిగిలిన దాని మీద అదే రాగాన్ని ఈల వేసేసింది. సముద్రానికి అంత దూరంలో వేస్తే ఏమవుతుందిలే అనుకుంది. ఆ ఈల పెట్టెలో పడి, రైలెక్కి, సరాసరి రేవుకే వస్తుందని ఆమెకు తట్టలేదు.

బెల్లా ఇప్పుడు లేదు. ఏటా కవి పుట్టినరోజున మధ్యాహ్నం విందులో వాటీ ఆ రికార్డు పెడతాడు. ఈల మొదలయ్యే చోట సుద్దతో చుక్క పెట్టుకున్నాడు. ముల్లు అక్కడికి రాగానే లటుక్కున ఎత్తేస్తాడు. హాలంతా కిసుక్కుమంటుంది. "వాటీకి ఒళ్లు చల్లబడింది, టీ పోయండి," అంటారు ఎవరో ఒకరు. ఇదీ విందులో భాగమే.

ఆ ఏడు జనవరిలో రేవు పక్క హాల్లో విందు జరుగుతుండగా పడవలు సముద్రం మీదే ఉన్నాయి. చీకటి పడకముందే రావాలి. కిర్‌స్టీ మెయిర్ భర్త, ఇద్దరు కొడుకులు ఒకే పడవలో ఉన్నారు. ఆమె విందుకని వండిన హాగిస్ మాంసం ముక్క కూడా నోట్లో పెట్టకుండా కిటికీ దగ్గరే కూర్చుంది. బెల్లా పాట సగంలో ఉండగా పొయ్యి ఆరిపోబోతుంటే, వాటీ వెనక కొట్లోంచి బొగ్గులు తేవడానికి లేచాడు.

"చుక్క దగ్గర ఎత్తేయి టీచరమ్మా. చూస్తూ కూర్చోకు."

ఎల్స్‌పెట్ చూస్తూనే కూర్చుంది. పాట ఆమెను పట్టుకుంది. చుక్క అవతల ఏముందో వినాలనిపించింది. చెయ్యి చాచి కూడా వెనక్కి తీసుకుంది.

ఈల వచ్చింది. సన్నగా, హాయిగా, రొట్టెలు కాల్చుకుంటూ వేసినట్టుంది. కాసేపటికి కిటికీ అద్దం టకటకా కొట్టుకుంది.

అది గాలే. పొద్దుటి నుంచీ మబ్బు పట్టే ఉంది కాని ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తు లేదు. ఆడవాళ్లంతా ఎల్స్‌పెట్ వైపు తిరిగారు. అంతవరకూ ఈ భయాలను చూసి నవ్వుకున్న ఎల్స్‌పెట్‌కు ఇప్పుడు అదే భయం పట్టుకుంది. నిజంగానే ఏమైనా అయితే? ఆ ముగ్గురూ రాకపోతే? ఈ కళ్ల మధ్య తను ఎలా బతకాలి?

కిర్‌స్టీ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "నా వాళ్లు ముగ్గురూ నీళ్ల మీద ఉన్నారని తెలిసే వేయించావా?"

"అక్కా, నేను..."

"ఏ ఈల?" అన్నాడు వాటీ, బొగ్గుల బకెట్‌తో గుమ్మంలోంచి. "రికార్డులో ఈలెక్కడిది? బెల్లా పోయిన ఏడే గీకి పారేశాను. ముల్లు ఎత్తడమంటావా, అలవాటు చావలేదు. మీరు విన్నది నన్ను. చీకటి కొట్లో భయమేసి ఈల వేశాను."

"నువ్వా?"

"నేనే. ఎలక కనబడింది."

"నేను నమ్మను. మళ్లీ పెట్టు," అంది కిర్‌స్టీ.

"పెడతాను. దుమ్ము పట్టింది, తుడుచుకొస్తా." రికార్డు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. తలుపు సందులోంచి ఎల్స్‌పెట్‌కు ఒక్కదానికే అతని వీపు కనబడింది. పీపాలు చెక్కే చిన్న కత్తి తీశాడు. సుద్ద చుక్క మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత గీశాడు.

రికార్డు మళ్లీ తిరిగింది. బెల్లా పాడింది. చుక్క దాటాక గరగరమనే చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. తిట్లన్నీ దారి మార్చుకుని వాటీ మీద పడ్డాయి. ముసలి గాడిద అన్నారు, ఎలకకు భయపడే సన్నాసి అన్నారు. అతను తల వంచుకుని పొయ్యిలో బొగ్గులు వేశాడు.

తర్వాత అందరూ రేవు గోడ మీదికి పరుగెత్తారు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి, అలలు గోడ దాటి మీద పడుతున్నాయి. ఎల్స్‌పెట్ చేతిని కిర్‌స్టీ తెలియకుండానే పట్టుకుంది. ఎంతకీ ఏమీ కనబడలేదు. వెలుతురు చచ్చిపోతుండగా ఒక తెరచాప, దాని వెనక మరొకటి, చివరికి కిర్‌స్టీ వాళ్లది. ముగ్గురూ తడిసి ముద్దయి దిగారు.

"వెనకగాలి పుణ్యమా అని తొందరగా వచ్చి పడ్డాం," అన్నాడు ఆమె భర్త.

"నోరు ముయ్యి," అని కిర్‌స్టీ అతని మెడ పట్టుకుని ఏడ్చింది. వాటీతో మాత్రం నెలల తరబడి మాట్లాడలేదు.

మర్నాడు ఎల్స్‌పెట్ అతని ఇంటికి వెళ్లింది. గోరువెచ్చని టీ ఇచ్చాడు.

"అది ఆమె ఈల తాతా. నా కోసం ఎందుకు గీకేశారు? అసలు మీకు ఈలంటే భయం కదా."

"గాలికి ఈల వినబడుతుందా పిచ్చిదానా? దాని పాటికి అది వస్తుంది. వచ్చాక ఊరు ఒక మనిషి కోసం వెతుకుతుంది. నా భయం దానికి. ఈ రికార్డు మొదటిసారి మోగిన వారం గాలివానకు వలలు చిరిగాయి. ఆ చలికాలమంతా బెల్లా పలకరిస్తే ఒక్కరూ పలకలేదు. కన్నాలు మూసుకుంటూ తిరిగేవాడిని చూసి నవ్వుకుంటారు, అంతే. నవ్వుకుంటే ఎవరికీ నష్టం లేదు."

ఎల్స్‌పెట్‌కు ఏడుపొచ్చింది. టీ చల్లారిపోయిందని వంక పెట్టి లేచింది.

వసంతంలో ఒక శనివారం ఆమె పుట్టింటికి కొండ ఎక్కుతుంటే, సముద్రం కనబడనంత లోపల, గట్టు అవతల నుంచి ఈల వినబడింది. సన్నగా, హాయిగా, అదే రాగం. గట్టెక్కి చూసింది. రాతి మీద వాటీ కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. చుట్టూ ఎవరివో మూడు కుక్కలు, ఒక మంద గొర్రెలు గుమిగూడి అతని మొహంలోకి చూస్తున్నాయి.

"టీచరమ్మా, ఇవెందుకొచ్చాయి? నేనేమీ పిలవలేదు."

"ఇందాకటి నుంచీ పిలుస్తూనే ఉన్నారు."

"ఊళ్లో చెప్పకు."

ఎల్స్‌పెట్ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని కుక్కలను, వాటితో గొర్రెలను కొండ మీదికి పంపేసింది. తర్వాత అతని పక్కన రాతి మీద కూర్చుంది.

"మళ్లీ మొదట్నుంచి," అంది. "ముల్లు ఎత్తకుండా."