కొండకి మొదటి బుర్ర

ఆ చలికాలం, నీళ్ల మీద పరిశోధన చేసే సారొకరు డుంబ్రిగుడ దగ్గర మా ఊరి కొండమీద ఒక వల కట్టారు. పొగమంచు దానికి తగిలి చుక్కలై, గొట్టంలోంచి డబ్బాలోకి దిగేది. మా వైపు వాగుని గెడ్డ అంటాం. ఆ గెడ్డలో అంకెలు రాసిన కర్ర కూడా పాతారు. ఎండల్లో చుక్క ఉండదు, వానల్లో పొలాలు మునుగుతాయి, రెండూ కొలవాలన్నారు. డిగ్రీ అయి ఇంట్లో ఉన్నానని కొలతల పుస్తకం నాకిచ్చారు. మంచునీళ్లు బాగా పడితే ఊరికి మరికొన్ని వలలు, ఒక ట్యాంకు వస్తాయి. లేకపోతే వేసవిలో ఆడవాళ్లం ఎప్పటిలాగే గెడ్డలోకి దిగి చెలమలు తవ్వుకోవాలి.

ఎవరితోనూ మాట్లాడే పని కాదు కాబట్టి ఒప్పుకున్నాను.

వారం తిరక్కముందే ఒక పొద్దున నాకంటే ముందు మా పెద్దమ్మ అక్కడుంది. డబ్బాలో ఎండిన ఆనపకాయ బుర్ర ముంచి పక్కనున్న రాతిమీద పోస్తోంది. ఊట నీళ్లయినా సరే, మా ఊళ్లో రోజూ మొదటి బుర్ర కొండకే.

"పెద్దమ్మా, నేను కొలవాలి," అన్నాను.

"ఎవులొద్దన్నారే గుంటా? కొండ తాగినాక కొలుద్దువుగాని. నీ పుస్తకానికేటి, దాహమా?"

ఆ ఒక్క బుర్రకే డబ్బా సగమైంది. మిగిలింది కొలిచి రాశాను. రోజూ అంతే. ఇంకా ముందే వెళ్లి కొలవొచ్చు. కొండ కంటే ముందు డబ్బాలో చెయ్యి పెట్టలేకపోయాను. 'ఇవాళా సగం కొండకి' అని నా డైరీలో మాత్రం రాసుకునేదాన్ని.

శివరాత్రి దాటాక సారు వచ్చి పుస్తకం తిరగేశారు.

"ఇంత మంచుంది, నీళ్లు ఇంతేనా? మధ్యలో ఎవరైనా తీస్తున్నారా అమ్మా?"

పెద్దమ్మని నలుగురిలో మాటంటారనుకున్నాను. తల అడ్డంగా ఊపాను. డైరీ సంచిలోనే ఉంది.

ఆ మధ్యాహ్నమే వల విప్పి జీపెక్కించారు. గూడెం కొత్తవీధి మండలం వైపు కడతారట. గెడ్డలో కర్ర, పుస్తకం మాత్రం నాకే వదిలారు.

మర్నాడు పెద్దమ్మ బుర్రతో వచ్చి ఉత్త గుంజల దగ్గర నిలబడింది.

"వల ఏదే?"

"తీసేశారు. నీళ్లు తక్కువ పడ్డాయని."

"తక్కువేటి? రోజూ నిండుగానే ఉండేది కదే. నువ్వు సెప్పలేదా?"

"లేదు."

తిట్టలేదు. బుర్ర చంకలో పెట్టుకుని దిగిపోయింది.

ఎండాకాలం చెలమ దగ్గర వరసలో ఆమె నా ముందుండేది. మొదటి బుర్ర ఇసకమీద పోసి, తర్వాత బిందె నింపుకునేది. నేను నా వంతు కోసం చూసేదాన్ని.

వానల్లో గెడ్డ పొంగి కర్ర మీది చివరి అంకె దాటింది. దాటిందని రాసి సారుకి పంపాను. కొలతలు చక్కగా ఉన్నాయని సారు ఫోన్లో మెచ్చుకున్నారు.

"సరే సార్," అన్నాను.